డ్రమ్ములో చెలమ: చేను కాడ మకాం వేసేవాళ్లకు మంచినీళ్లు

మిరప కోతల కాలం వచ్చిందంటే పల్నాడు చేల గట్ల మీద పట్టాల గుడిసెలు లేస్తాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కూలి కుటుంబాలు పిల్లాజెల్లాతో, వంటసామానుతో వచ్చి దిగుతాయి. కూలి రేటు ముందే ఫోనులో మాట్లాడుకుని ఉంటారు కాబట్టి ట్రాక్టరు దిగగానే ముఠా మేస్త్రి అడిగే మొదటి మాట ఒకటే. "నీళ్లెక్కడన్నా?"

రైతు చెయ్యి చాపి చూపిస్తాడు. "అదిగో కాలువ, ఈ పక్కన బోరు. నీళ్లకేం కొదవ లేదు తమ్ముడూ!"

నీళ్లకు కొదవ లేని మాట నిజమే. తాగే నీళ్ల మాటేమిటి?

వారం తిరక్కుండానే ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి విరేచనాలు మొదలవుతాయి. ఎండదెబ్బ అంటారు, కారం ఘాటు అంటారు, కొత్త నీళ్లు పడలేదంటారు. లెక్క వేసి చూడండి. ఇరవై మంది ముఠాలో ఐదుగురు మూడేసి రోజులు పడుకుంటే పదిహేను పనిదినాలు పోయినట్టే. వాళ్లకు కూలి పోయింది, మీకు పండిన కాయ చెట్టు మీదే ఉండిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. పెద్దవాళ్లు రెండు రోజుల్లో తేరుకుంటారు. గుడిసెలో ఉన్న ఏడాదిన్నర పిల్లకు అవే రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

కూలీలే కాదు, మోటారు కాడ రాత్రి కాపలా పడుకునే మీరూ, బ్యారన్ల దగ్గర నెలల తరబడి ఉండే పొగాకు రైతులూ, పొలం పాకలోనే కాపురం పెట్టిన కౌలుదార్లూ అందరూ ఇదే నీళ్లు తాగుతారు. అందుకే ఈ వారం, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, కాస్త కంకర, రెండు క్వింటాళ్ల ఇసుకతో మీరే కట్టుకోగల వడపోత గురించి చెప్పుకుందాం. దీనికి కరెంటు అక్కర్లేదు. మార్చాల్సిన విడిభాగాలూ పెద్దగా ఉండవు. కావలసిందల్లా కాస్త ఓపిక, ఒక నెల ముందుచూపు.

తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

బిందెలో నీళ్లు తేటగా ఉంటే మనకు ధైర్యం. మన పెద్దవాళ్లు బురద నీళ్లను తేర్చడానికి చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేవారు. ఇప్పుడు పటిక తిప్పుతున్నాం. రెండూ మంచి పద్ధతులే. బురద రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. వాటితోపాటు కొన్ని క్రిములూ దిగుతాయి. అయితే అన్నీ దిగవు. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు కంటికి కనిపించవు. గ్లాసులో అద్దంలా మెరిసే నీళ్లలోనూ అవి ఉండొచ్చు.

గుడ్డతో వడగట్టడాన్ని కూడా తీసిపారేయకండి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడగట్టించి చూశారు. ఆ ఇళ్లల్లో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నీళ్లలో ఉండే సన్నటి పురుగులకు అంటుకుని వచ్చే కలరా క్రిమి ఆ మడతల్లో చిక్కుకుపోయింది. కొత్త చీర కన్నా ఉతికి ఉతికి నలిగిన పాత నూలు చీరే దీనికి మేలు, దారాలు విప్పారి సందులు పూడుకుంటాయి. కానీ సగం తగ్గడమంటే సగం మిగిలినట్టే కదా! మిగిలిన సగానికి ఇసుక కావాలి.

చెలమలో జరిగేదేమిటి?

ఎండిన వాగులో చెలమ తీసి నీళ్లు తాగని రైతు ఉండడు. వాగులో మురికి నీళ్లు మడుగు కట్టి ఉన్నా, నాలుగు గజాల అవతల ఇసుకలో గుంట తీస్తే తేట నీళ్లు ఊరతాయి. ఇసుక గుండా మెల్లగా నడిచి వచ్చిన నీళ్లవి. మన డ్రమ్ము కూడా అంతే. వాగులోని చెలమను తెచ్చి గట్టు మీద నిలబెట్టడమే.

ఇసుక రెండు పనులు చేస్తుంది. మొదటిది జల్లెడ పని, అది కంటికి కనిపించేదే. రెండోదే అసలైనది. నీళ్లు రోజూ పోస్తూ ఉంటే ఇసుక పైభాగాన, ఒక అంగుళం లోపల, సన్నటి జిగట పొర పుడుతుంది. అందులో మేలు చేసే సూక్ష్మజీవులు కాపురముంటాయి. మన రొచ్చును, రోగక్రిములను అవి తిని బతుకుతాయి. పొలంలో మిత్రపురుగులు ఉన్నట్టే డ్రమ్ములోనూ మిత్రులు ఉంటారన్నమాట. ఆ పొర బతికి ఉన్నంత కాలమే ఫిల్టరు బతికి ఉన్నట్టు.

ఇది నిన్నమొన్నటి కిటుకు కాదు. లండన్ నగరంలో థేమ్స్ నది నీటిని జేమ్స్ సింప్సన్ అనే ఇంజినీరు 1829లోనే ఇసుక పడకల మీద వడపోశాడు. 1892లో జర్మనీలో ఒక పెద్ద నిదర్శనం దొరికింది. ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అని రెండు ఊళ్లు ఆనుకుని ఉండేవి. హాంబర్గ్ నది నీటిని వడపోయకుండా తాగింది. ఆల్టోనా అంతకన్నా దిగువన, హాంబర్గ్ మురుగు కలిసిన నీటినే తోడుకుంది, కాకపోతే ఇసుకలో నెమ్మదిగా వడపోసి తాగింది. ఆ ఏడు కలరా వచ్చినప్పుడు హాంబర్గ్‌లో 8 వేల మందికి పైగా చనిపోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా చాలావరకు బయటపడింది.

ఆ ఇసుక పడకల్లో నీళ్లు రాత్రింబవళ్లు ఆగకుండా పారాలి. అది నగరాలకు కుదిరే పని. ఉదయం రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోసే ఇళ్లకు పనికొచ్చేలా దాన్ని కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ 1990ల తొలినాళ్లలో మలిచారు. చేసిన మార్పు చాలా చిన్నది. నీళ్లు బయటికి వచ్చే గొట్టాన్ని అడుగు నుంచి పైకి లేపి, ఇసుక మట్టం కన్నా రెండు అంగుళాల ఎత్తున వంచారు. పోయడం ఆపినా ఇసుక మీద రెండు అంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. పొర ఎండిపోదు, ఊపిరాడక చావదు. మనం కట్టబోయేది ఈ పద్ధతిలోనే.

ముందు ఏ నీళ్లు పోస్తున్నారో చూడండి

డ్రమ్ము కొనే ముందు ఒక మాట. ఇసుక ఆపేది మట్టిని, క్రిములను. నీళ్లలో కరిగిపోయినదాన్ని అది ఆపలేదు. ఉప్పు కలిసిన నీళ్లు ఉప్పగానే దిగుతాయి. ఫ్లోరైడ్, నైట్రేటు, పురుగుమందుల అవశేషాలు కూడా ఇసుకలోంచి దాటి వచ్చేస్తాయి. నీళ్లు కాచినా అవి పోవు, నీరు ఆవిరై అవి మరింత చిక్కబడతాయి.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ ప్రాంతం ఎక్కువగా తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. నల్గొండ సంగతి సరేసరి. అందువల్ల లోతు బోరు నీళ్లయితే ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. అంతకు మించితే ఆ బోరు మొక్కలకే గాని తాగడానికి పనికిరాదు. డ్రమ్ము పెట్టాం కదా అని ధైర్యపడితే మోసపోతారు.

మందు కొట్టే స్ప్రేయర్లు కడిగే గుంట, మిరప చేలోంచి వచ్చిన మురుగు కాలువ, ఎరువు దిబ్బ దిగువన ఉన్న బావి, ఈ మూడింటి నీళ్లనూ డ్రమ్ములో పోయకండి.

ఇక ఊళ్లో రక్షిత మంచినీటి కుళాయి ఉండి, క్యాన్లలో చేనుకు తెచ్చుకోగలిగితే అంతకన్నా మేలు లేదు. ఆ నీళ్లకు డ్రమ్ము అవసరం లేదు. పైగా వాటిలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పోస్తే మన మిత్రుల పొర చచ్చిపోతుంది. కాలువ, చెరువు, తక్కువ లోతు బావి, వాగు నీళ్లు తప్ప దారి లేని చోటే ఈ డ్రమ్ము ఉపయోగం.

కావలసిన సామాను

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి. ఎత్తు సుమారు 3 అడుగులు ఉంటుంది. తినే సరుకు వచ్చిన డ్రమ్మే తీసుకోండి. పురుగుమందు, యాసిడ్, రంగులు, నూనెమడ్డి ఉన్న డ్రమ్ము ఎంత చవకగా దొరికినా వద్దు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్‌లోకి ఇంకిన మందు పూర్తిగా పోదు. ఏముండేదో అమ్మేవాడు చెప్పలేకపోతే ఆ డ్రమ్మును వదిలేయండి.

మిద్దె మీద నీళ్ల ట్యాంకులకు వాడే అరంగుళం ట్యాంకు నిపుల్ ఒకటి, రబ్బరు వాషర్లతో సహా. అరంగుళం పీవీసీ గొట్టం ఒక పొడవు, రెండు ఎల్బోలు, ఒక మూత, గొట్టాలు అతికించే జిగురు.

కంకర రెండు రకాలు. బఠాణీ గింజంత నుంచి శనగ గింజంత వరకు ఉండేది రెండు తట్టలు, జొన్న గింజంత ఉండేది ఒక తట్ట. సన్న ఇసుక రెండు క్వింటాళ్లు. రోబో ఇసుకైనా ఫరవాలేదు, వాగు ఇసుకైనా ఫరవాలేదు. పశువులు తిరిగే చోట, జనం బహిర్భూమికి వెళ్లే చోట ఇసుక తీయొద్దు. సముద్రపు ఇసుక అసలే వద్దు.

అడుగున సన్న బెజ్జాలు పెట్టిన ఒక వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ కావాలి. అది డ్రమ్ము మూతి మీద కూర్చోవాలి. దాని మీద కప్పడానికి ఒక మూత.

డ్రమ్ము కట్టే తీరు

మొదట చోటు చూసుకోండి. నీడ ఉండాలి, నేల చదునుగా ఉండాలి, పశువులు తగలకూడదు. నాలుగు సిమెంటు ఇటుకల వరస వేసి అడుగున్నర ఎత్తు దిమ్మ కట్టండి. ఖాళీ డ్రమ్మును దాని మీద పెట్టిన తర్వాతే పని మొదలుపెట్టండి. ఒకసారి నిండాక అది మూడు క్వింటాళ్ల పైమాటే. కదపడం మీ తరం కాదు, కదిపితే లోపలి పొరలు కూడా చెదిరిపోతాయి.

డ్రమ్ము పైమూతను రంపంతో కోసేయండి. అంచును గరుకు కాగితంతో రుద్దితే చేతులు కోసుకోవు. లోపల సబ్బుతో కడిగి, నీళ్లతో బాగా తొలిచి, ఎండబెట్టండి.

అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తున పక్క గోడకు బెజ్జం వేసి ట్యాంకు నిపుల్ బిగించండి. నీళ్లు పోసి ఒక పూట ఉంచి చూడండి. చుక్క కారినా మళ్లీ బిగించాలి. ఇసుక నింపాక కారితే అంతా తవ్వి తీయాల్సిందే.

లోపలివైపు నిపుల్‌కు అడుగు పొడవు గొట్టం అమర్చి, దాని చివర మూత వేయండి. ఆ గొట్టానికి కిందివైపు, పక్కలకు సన్న బెజ్జాలు పాతిక దాకా పెట్టండి. బయటివైపు నిపుల్‌కు ఎల్బో పెట్టి గొట్టాన్ని డ్రమ్ము ఆనుకుని నిలువుగా పైకి లేపండి. డ్రమ్ము లోపలి అడుగు నుంచి సరిగ్గా 26 అంగుళాల ఎత్తున రెండో ఎల్బో పెట్టి, జానెడు గొట్టం ముందుకు చాచండి. అదే నీళ్లు పడే మూతి. ఎవరి కాలూ తగలకుండా గొట్టాన్ని తీగతో డ్రమ్ముకు కట్టేయండి.

ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, ఆ మూతికి కుళాయి బిగించడం. కుళాయి కట్టేస్తే నీళ్లు డ్రమ్ములో నిండుగా నిలిచిపోతాయి. పొరకు గాలి అందదు, మిత్రులు చస్తారు. రెండు, ఆ మూతికి రబ్బరు పైపు తొడిగి కిందికి వేలాడదీయడం. అలా చేస్తే నీళ్లు మొత్తం లాగేసి ఇసుక ఎండిపోతుంది. మూతి ఎప్పుడూ తెరిచే ఉండాలి, నీళ్లు వాటంతట అవే పడాలి, వాటంతట అవే ఆగాలి.

నింపే తీరు

కంకరను నీళ్లు తేటపడేదాకా కడగండి. ఇసుకను మొదట దోమల జాలీలో జల్లించి, జాలీ గుండా రాలినదాన్ని మాత్రమే తీసుకోండి. దాన్ని నాలుగైదు సార్లు కడగండి. మరీ ఎక్కువ కడిగితే సన్న రేణువులు పోయి నీళ్లు జోరుగా దిగుతాయి. కడిగిన నీళ్లు మజ్జిగ తేటలా ఉన్నప్పుడు ఆపేయండి. తర్వాత పట్టా మీద పరిచి రెండు రోజులు మంచి ఎండలో ఎండబెట్టండి.

డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలోకి కంకర, ఇసుక జారవిడవాలి. పొడి ఇసుక పోసి తర్వాత నీళ్లు పోస్తే లోపల గాలి బుడగలు ఇరుక్కుంటాయి.

అడుగున పెద్ద కంకర 4 అంగుళాలు. దాని మీద జొన్న గింజంత కంకర 2 అంగుళాలు, సమంగా. ఆ పైన ఇసుక 18 అంగుళాలు. మొత్తం 24 అంగుళాలు. బయటి మూతి 26 అంగుళాల మీద ఉంది కాబట్టి ఇసుక మీద 2 అంగుళాల నీళ్లు నిలుస్తాయి. నీళ్లు పడటం ఆగాక పుల్ల పెట్టి కొలవండి. ఎక్కువ తక్కువలుంటే ఇసుక వేసో తీసో సరిచేయండి.

చివరిగా బెజ్జాల బేసిన్ మూతి మీద పెట్టండి. బిందె ఎత్తి పోసినా నీళ్లు వానలా రాలాలి గాని ధారగా పడి ఇసుకను తవ్వకూడదు.

ఇప్పుడు డ్రమ్మును పైదాకా నింపి, మూతి కింద లీటరు సీసా పెట్టి గడియారం చూడండి. సీసా నిండడానికి కనీసం 35 సెకన్లు పట్టాలి. అంతకన్నా తొందరగా నిండితే ఇసుక ముతకది. పైన ఒక చెయ్యి మందం తీసేసి, ఇంకా సన్నటి జల్లెడ పట్టిన ఇసుక వేయండి. నిమిషాలు గడిచినా నిండకపోతే ఇసుకలో మట్టి ఉంది, ఇంకాస్త కడగాలి.

నెలగంట నుంచి సంక్రాంతి దాకా

ఇక్కడే ఓపిక కావాలి. డ్రమ్ము కట్టిన రోజున వచ్చే నీళ్లు తేటగా ఉంటాయి గాని క్రిములు ఇంకా దాటి వస్తూనే ఉంటాయి. మిత్రుల పొర తయారవడానికి నెల రోజుల దాకా పడుతుంది. పాలు తోడుకోవడానికి రాత్రి పట్టినట్టే దీనికి నెల.

అందుకే నెలగంట పెట్టిన రోజున డ్రమ్ము మొదలుపెట్టండి. ధనుర్మాసం అంతా రోజూ నీళ్లు పోస్తూ ఉంటే సంక్రాంతికి పొర తయారవుతుంది. పండుగ దాటి ముఠాలు దిగే నాటికి నీళ్లు సిద్ధం. తడి పెట్టడానికి ఎలాగూ చేనుకు వెళ్తారు కదా, వెళ్లినప్పుడల్లా రెండు బిందెలు పోసి రండి. ఒక్క నియమం, రెండు రోజులకు మించి ఎడం ఇవ్వొద్దు. రేపు ఏ నీళ్లు వాడబోతున్నారో ఆ నీళ్లే పోయండి. ఇవాళ కాలువ, రేపు బావి అని మారిస్తే మిత్రులకు తిండి మారి పొర తడబడుతుంది. ఈ నెల రోజులూ వచ్చే నీళ్లు చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు వాడుకోండి.

కోతల రోజుల్లో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, విడతకు 50 లీటర్ల లోపు పోయండి. విడతకూ విడతకూ మధ్య నీళ్లు పడటం ఆగి కనీసం గంటైనా ఉండాలి. ఆ విరామంలోనే పొర తన పని చేస్తుంది. ఇలా రోజుకు వంద నుంచి నూట యాభై లీటర్లు వస్తాయి. మనిషికి ఐదు లీటర్ల చొప్పున ఇరవై మంది ముఠాకు సరిపోతాయి.

కాలువ నీళ్లు ఎర్రగా వస్తుంటే నేరుగా పోయకండి. వేరే డ్రమ్ములో పట్టి, పటిక తిప్పి, రాత్రంతా తేర్చి, పైనీళ్లను పాత చీర మడతల్లో వడగట్టి పోయండి. లేదంటే వారానికే ఇసుక పూడుకుపోతుంది.

పూడిక వచ్చి ధార సన్నగిల్లితే కంగారుపడి ఇసుక తీయకండి. సబ్బుతో చేతులు కడుక్కుని, ఇసుక మీద నిలిచిన నీళ్లను అరచేత్తో మెల్లగా తిప్పండి. లోతుకు వేళ్లు పోనివ్వొద్దు. పైకి లేచిన మురికి నీళ్లను ముంతతో తోడి పారబోయండి. రెండు మూడు సార్లు చేస్తే ధార మళ్లీ వస్తుంది. పొర కొంత చెదురుతుంది కాబట్టి తర్వాత కొన్నాళ్లు కింద చెప్పిన జాగ్రత్త తప్పనిసరి.

వడపోసిన తర్వాత ఇంకో మెట్టు

సరిగ్గా కట్టి సరిగ్గా నడిపితే ఈ ఫిల్టరు నూటికి 90 వంతుల దాకా బ్యాక్టీరియాను ఆపుతుంది. కామెర్ల వంటివి తెచ్చే వైరస్‌ల మీద దాని పట్టు అంతకన్నా తక్కువ. మిగిలినవాటి పని పట్టడానికి మూడు దారులున్నాయి, మీకు వీలైనది ఎంచుకోండి.

ఒకటి, కాచడం. నీళ్లు తెర్లి ఒక నిమిషం మరిగితే చాలు. కట్టెలు దండగ అనుకుంటే పసిపిల్లలకు, బాలింతలకు మాత్రమైనా కాచి ఇవ్వండి.

రెండు, క్లోరిన్ బిళ్ల. ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగండి, మందుల షాపులోనూ దొరుకుతాయి. బిళ్ల ఎన్ని లీటర్లకో పొట్లం మీద ఉంటుంది, ఆ లెక్కనే వేసి అరగంట ఆగి తాగాలి. బిళ్ల వేయాల్సింది డ్రమ్ము నుంచి వచ్చిన నీళ్లలోనే. డ్రమ్ములో ఎప్పుడూ వేయకూడదు.

మూడు, ఎండ. మన దగ్గర దానికి కరువు లేదు. రంగులేని పారదర్శకమైన నీళ్ల సీసాలు, రెండు లీటర్ల లోపువి, కాగితం పీకేసి కడిగి, వడపోసిన తేట నీళ్లు నింపి రేకు మీద పడుకోబెట్టండి. మంచి ఎండలో ఆరు గంటలు చాలు. మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. నీళ్లు తేటగా లేకపోతే ఎండ లోపలికి దిగదు, కాబట్టి వడపోత ముందు, ఎండ తర్వాత. ఉదయం కోతకు వెళ్తూ పెడితే సాయంత్రం వచ్చేసరికి తయారు.

ఇంత కష్టపడీ చివర్లో ముంత ముంచితే అంతా వృథా. మంచినీళ్ల పాత్రకు మూత ఉండాలి, కింద కుళాయి ఉండాలి. చేయి, గ్లాసు లోపలికి పోకూడదు. పచ్చి నీళ్ల బిందెకు ఎర్ర రంగు గీత పెట్టండి. ఎర్ర గీత బిందె మంచినీళ్ల దగ్గరికి రాకూడదని పిల్లలకు కూడా చెప్పండి.

నిలకడ లేని మకాంకు

గొర్రెల మందతో ఊరూరా తిరిగేవాళ్లు, వారానికో చేను మారే ముఠాలు డ్రమ్మును మోయలేరు. వాళ్లకు రెండు మూత బకెట్లు, ఒక క్యాండిల్ చాలు. పై బకెట్ అడుగున బెజ్జం వేసి, వాషరుతో క్యాండిల్ బిగించాలి. కింది బకెట్ మూతకూ సరిపడా బెజ్జం వేసి దాని మీద పై బకెట్ కూర్చోబెట్టాలి. కింది బకెట్‌కు ఒక కుళాయి. నీళ్లు చుక్కలు చుక్కలుగా దిగుతాయి, రాత్రి పోసి పడుకుంటే తెల్లారేసరికి నిండుతుంది. క్యాండిల్ మీద మట్టి పేరుకుంటే మెత్తటి బ్రష్షుతో ఉత్త నీళ్లలోనే రుద్దాలి, సబ్బు పెట్టకూడదు. బండిలో కుదుపులకు క్యాండిల్‌కు వెంట్రుకంత పగులు వచ్చినా అది ఇక పనికిరాదు. ప్రయాణంలో దాన్ని ఊడదీసి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. ఈ నీళ్లకూ పైన చెప్పిన బిళ్లో, ఎండో తప్పదు.

గుర్తుంచుకోండి

మందు డ్రమ్ము వద్దు. ఫ్లోరైడ్, ఉప్పు ఇసుకకు లొంగవు, ముందు పరీక్ష. మూతికి కుళాయి వద్దు, వేలాడే పైపు వద్దు. నెల రోజులు పొర తయారుకానివ్వాలి. రెండు రోజులకు మించి ఎండగట్టొద్దు. డ్రమ్ములోకి క్లోరిన్ నీళ్లు పోయొద్దు. కోతలు అయిపోయాక ఇసుక తీసి కడిగి ఎండబెట్టి బస్తాల్లో దాచుకోండి, వచ్చే ఏడు మళ్లీ నెలగంటకు నింపుకోవచ్చు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే వెంటనే లీటరు మంచినీళ్లలో ఒక ఓఆర్ఎస్ పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పిల్ల నీరసపడి కళ్లు లోపలికి పోతే, తాగింది తాగినట్టు కక్కేస్తే, ఇంకో గంట చూద్దామనకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మిరపకు మందు కొట్టడానికి, తడి పెట్టడానికి, కోతకు మనం లెక్క కడతాం. ఆ లెక్కలో ఒక డ్రమ్ము, రెండు క్వింటాళ్ల ఇసుక కూడా రాసుకోండి. ఈసారి ముఠా దిగి "నీళ్లెక్కడన్నా?" అని అడిగినప్పుడు కాలువ వైపు కాకుండా, నీడన ఉన్న ఆ డ్రమ్ము వైపు చెయ్యి చూపించండి. మొదటి గ్లాసు మీరే పట్టి తాగి ఇవ్వండి.